అంతర్వేది దారిలో వెనుదిరిగిన పల్లకి

నందికొట్కూరులో గానీ, ఆత్మకూరులో గానీ, మన చుట్టుపక్కల ఏ పల్లెలో గానీ మధ్యాహ్న వేళ ప్రభుత్వ పాఠశాల ముందునుండి వెళ్ళినప్పుడు మీరు గమనించే ఉంటారు. గంట మ్రోగగానే పిల్లలు పళ్ళెములు చేతబట్టుకొని వరుసలో నిలుస్తారు. వేడి అన్నం, పప్పు వడ్డన అవుతుంది. 2024వ సంవత్సరంలో రాష్ట్ర ప్రభుత్వం ఆ భోజన పథకానికి ఒక గృహిణి పేరు పెట్టింది. 2025 జనవరి నుండి ప్రభుత్వ జూనియర్ కళాశాలల విద్యార్థులకు కూడా అదే పేరుతో అన్నం అందుతున్నది. ఆమె రాణి కాదు, పదవులు నిర్వహించిన వ్యక్తి కాదు. వంటింటి గడప దాటి పెద్దగా లోకం చూడని ఇల్లాలు. డొక్కా సీతమ్మగారు అన్న పేరు గోడమీద చదివి, ఈ తల్లి ఎవరని మీ ఇంటి పిల్లలు అడిగితే చెప్పవలసిన బాధ్యత పెద్దలమైన మనది. ఆ బాధ్యతను కొంత పంచుకొనడానికే ఈ నాలుగు మాటలు.

చదివే ముందు ఒక్క విన్నపం. ఆమె జీవితంలో కొన్ని సంగతులు కాలంతో, ఊరితో సహా నిర్ధారణగా తెలిసినవి. మరికొన్ని గోదావరి సీమ ప్రజల నోట నూరేళ్ళకు పైగా నిలిచిన కథలు. రెండింటినీ కలిపివేయకుండా, చెప్పుకొనే కథను చెప్పుకొనే కథగానే మీ ముందు ఉంచుతాను. మహనీయుల చరిత్రకు మనం లేనిపోని మహిమలు చేర్చితే వారి పెద్దరికం పెరగదు. వారు చేసిన పని మాత్రం ఆ మహిమల వెనుక మరుగున పడుతుంది.

సీతమ్మగారు 1841 అక్టోబరులో, ప్లవ నామ సంవత్సరాన, గోదావరి మండలంలోని మండపేటలో జన్మించారు. తండ్రి అనుప్పిండి భవానీశంకరంగారు, తల్లి నరసమ్మగారు. భవానీశంకరంగారిని ఊరిలోనివారు ఆ పేరుతో పిలిచేవారు కాదట. ఆకలిగొని వచ్చినవారికి బువ్వ పెట్టే మనిషి కనుక ఆయనను బువ్వన్న అనేవారట. పండితులు సభ చేసి ఇచ్చే బిరుదులు ఎన్నో ఉంటాయి గానీ, అన్నం తిన్నవారు పెట్టిన ఈ పేరుకు సాటి వచ్చేది నాకైతే కనబడదు. ఆ కాలం ఎటువంటిదో కూడా మీరు ఒకసారి తలచుకోవాలి. ఆమె పుట్టుకకు తొమ్మిదేండ్ల ముందే, 1832–33లో, నందన నామ సంవత్సరంలో కృష్ణా, గుంటూరు ప్రాంతాలను ఘోరమైన క్షామం కబళించింది. ఎముకలు తేలిన జనాన్ని చూచి దానిని డొక్కల కరువు అని పిలిచారు. గోదావరి తీరానికి ఆనకట్ట ఇంకా రాలేదు. నది నిండుగా పారుతున్నా పొలానికి నీరు ఎక్కక, ఆ సీమ కూడా తరచుగా పస్తులుండేది. అన్నం విలువను పుస్తకంలో చదివి తెలుసుకొనవలసిన అవసరం ఆ తరంవారికి లేదు.

ఆ చిన్నారి బాల్యంలోనే తల్లిని పోగొట్టుకున్నదని, అతిథుల భారం పసి చేతులమీద పడిందని చెబుతారు. అటువంటి రోజులలో ఒకనాడు, మధ్యాహ్నం బాగా వాలిన తరువాత, డొక్కా జోగన్నపంతులుగారు ఆ యింటికి వచ్చారు. ఆయనది గోదావరి లంకలలోని గన్నవరం. వేదం చదువుకున్నవారు, వ్యవసాయం గలవారు. ఏదో పండిత సభకు వెళ్ళి తిరిగి వస్తూ, ఆకలితో అలసి, బువ్వన్నగారి ఇల్లు ఎక్కడని అడిగి వచ్చారట. ఆ యింట ఆయనకు జరిగిన ఆదరణలో ఆ బాలిక చూపిన నేర్పు, ఓర్పు ఆయన మనసులో నాటుకొన్నాయి. ఇంటికి చేరి ఆలోచించి, ఆ పిల్లనే తనకు ఇమ్మని అడిగించారు. ఐశ్వర్యం చూచి పిల్లను అడిగినవారున్నారు, అందం చూచి అడిగినవారున్నారు. వడ్డన చూచి అడిగిన వరుడు జోగన్నగారు. వివాహానంతరం సీతమ్మగారు లంకల గన్నవరం కాపురానికి వచ్చారు. ఆ ఇల్లే ఆమెకు కాశీ, ఆ వంటిల్లే ఆమెకు గర్భాలయం అయింది.

మన రాయలసీమవారికి లంక అంటే ఏమిటో కొంత వివరించాలి. సముద్రానికి చేరబోయే ముందు గోదావరి పాయలుగా చీలుతుంది. గౌతమి, వసిష్ఠ, వైనతేయ వాటిలో ముఖ్యమైనవి. పాయల నడుమ నీరు చుట్టుముట్టిన మెత్తని నేలలే లంకలు. లంకల గన్నవరం వైనతేయ తీరాన ఉన్నది. ఆనాడు అటువైపు ప్రయాణమంటే కొంతదూరం నడక, కొంతదూరం పడవ, మళ్ళీ నడక. వరద వస్తే రేవు నిలిచిపోతుంది. పడవ ఎప్పుడు కదులుతుందో, ఏ వేళకు ఆవలి ఒడ్డు చేరుతుందో ప్రయాణికుని చేతిలో ఉండదు. పెద్ద ఊళ్ళలో పూటకూళ్ళ ఇళ్ళు ఉన్నా అక్కడ చేతిలో కాసు ఉండాలి. పొద్దు వాలిన తరువాత రేవు దాటి వచ్చిన పేదవానికి పిలిచి విస్తరి వేసేవారు ఎవరు? 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఆ దశాబ్దంలోనే గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా కాలువ నీటిని ఆవలి సీమకు దాటించే అక్విడక్టు కూడా వెలసింది. నేల పచ్చబడింది, రాకపోకలు పెరిగాయి. కూలికి పోయేవారు, పెళ్ళివారు, బైరాగులు, అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి దర్శనానికి పోయే యాత్రికులు ఆ దారినే నడిచేవారు. వారందరికీ నడి దారిలో తగిలే ఇల్లు జోగన్నగారిది.

ఆ యింటి నియమం ఒక్కటే. వచ్చినవాడు ఏ వేళకు వస్తే అదే భోజనవేళ.

ఈ మాట వినడానికి చిన్నది. ఆచరించడం ఎంత కష్టమో మీ అమ్మమ్మగారినో నాయనమ్మగారినో అడిగి చూడండి. అది గ్యాస్ పొయ్యి లేని కాలం. కట్టెలు ఎండినవి ఉండాలి, వానాకాలానికి ముందుగానే పేర్చి దాచుకోవాలి. వడ్లు దంచాలి, చెరగాలి, రాళ్ళు ఏరాలి. నీళ్ళు తోడి తేవాలి. పది మందికి వండి వార్చి, అందరూ తిన్నాక, ఆఖరున తాను విస్తరి ముందు కూర్చోబోయే సమయానికి వీధి అరుగుమీద మరో నలుగురు దిగేవారు. పొయ్యి చల్లారి ఉంటుంది. మళ్ళీ నిప్పు రాజెయ్యాలి, పొగలో కూర్చోవాలి. ఒకనాడు కాదు, ఒక పుణ్యదినాన కాదు. నలభై ఏండ్లకు పైగా ఆమె ఆ పని చేశారు. ఒక్కరోజు లక్షమందికి పెట్టడం ధనవంతునికి సాధ్యమే. ప్రతిరోజూ, చెప్పకుండా వచ్చిన ఒక్కనికి, విసుగు ముఖంలో కనబడనీయకుండా పెట్టడం ఎంతమందికి సాధ్యం? తైత్తిరీయోపనిషత్తు భృగువల్లిలో అన్నాన్ని గురించి చెప్పిన వ్రతాలను పెద్దల ద్వారా మీరు వినే ఉంటారు. ఆశ్రయానికి వచ్చినవానిని కాదనరాదని, అందుకోసం తగిన విధంగా అన్నాన్ని విస్తారంగా సమకూర్చుకోవాలని, వచ్చినవానికి అన్నం సిద్ధమైనదని చెప్పగలగాలని దాని తాత్పర్యం. సిద్ధంగా ఉండడమే వ్రతమన్నమాట. అతిథి వచ్చిన తరువాత బియ్యానికి వెదుక్కొనడం వ్రతం కాదు. సీతమ్మగారి ఇంట గాదె, కట్టెల మోపు, నీళ్ళ కాగు అన్నీ రాబోయే అపరిచితుని కోసం ఎదురుచూస్తూ ఉండేవి.

ఇక మడి సంగతి. నేను అర్చకత్వంలో, వేదాధ్యయనంలో జీవితం గడిపినవాడిని, మడి విలువను తక్కువ చేసి మాట్లాడేవాడిని కాను. కానీ మడి దేవుని నైవేద్యం పరిశుద్ధంగా ఉండడానికే గానీ, ఆకలిగొన్నవానిని గడప బయట నిలబెట్టడానికి కాదు. శ్రోత్రియ కుటుంబంలో, అదీ పంతొమ్మిదవ శతాబ్దంలో, సీతమ్మగారు వచ్చినవారి కులం అడగలేదన్నది ఆ ప్రాంతంవారు ముందుగా చెప్పే మాట. ఒక వానకాలపు రాత్రి జరిగినదిగా ఒక కథ ఉన్నది. గోదావరి పోటెత్తి ఉన్నది. ఆవల లంకలో చిక్కుకున్న ఒక పంచముడు ఆకలితో కేకలు వేస్తున్నాడు. ఆ కేకలు గాలిలో వచ్చి ఆ దంపతుల చెవిన పడ్డాయి. ఆమె అప్పటికప్పుడు అన్నం మూటకట్టి ఇవ్వగా జోగన్నగారు పడవమీద ఆ వరదలో వెళ్ళి అతనికి పెట్టి వచ్చారట. ఈ కథలో నన్ను ఎక్కువగా ఆకర్షించేది జోగన్నగారి పాత్ర. దానం భార్యది, కీర్తి భార్యది, పడవ ఎక్కినవాడు భర్త. ఇంటి యజమాని ముఖం చిట్లించి ఉంటే ఆ పొయ్యి ఎన్నాళ్ళు వెలిగేది? శ్రీమద్భాగవతం నవమ స్కంధంలో రంతిదేవ మహారాజు నలభై ఎనిమిది దినాలు పస్తుండి, దొరికిన కొద్దిపాటి అన్నాన్ని వచ్చిన అతిథులకు పంచి, చివరకు మిగిలిన గ్రుక్కెడు నీళ్ళనూ దాహమన్న చండాలునికి ఇచ్చివేసిన కథ మనకు తెలుసు. పురాణం విని కన్నీరు పెట్టుకొని, ఇంటికి వచ్చి వీధి తలుపు గడియ వేసుకొనేవారు అన్ని కాలాలలోనూ ఉన్నారు.

ఇంత పెట్టిన ఇల్లు ఎన్నాళ్ళు నిలుస్తుంది? మీకు ఈ సందేహం రావడం సహజం. ఆస్తి తరిగిన మాట నిజమనే చెబుతారు. అయినా విస్తళ్ళు తగ్గలేదట. ఒక దశలో పొలం దున్నుతుండగా జోగన్నగారికి ధనం నిండిన బిందె దొరికిందని, దానితో అన్నదానం మళ్ళీ సాగిందని ఒక కథ. భగవంతుడు ఏ రూపాన సాయపడతాడో మనకెందుకు, కథను కథగానే ఉంచుదాం. అయితే ఆ బిందె దొరకక ముందు గడిచిన రోజులను గూర్చి తలచడమే మనకు ఎక్కువ మేలని నా అభిప్రాయం. బిందె దొరుకుతుందని తెలిసి వారు వడ్డించలేదు కదా.

మరొక ఆక్షేపణ కూడా మన ప్రాంతంలో వినబడుతూ ఉంటుంది. గోదావరి నీళ్ళు, వరి పొలాలు, కొబ్బరితోటలు ఉన్నచోట అన్నదానం ఏమి గొప్ప, మా జొన్న చేల సీమలో చేసి చూపమనండి అని. దీనికి సమాధానం వెదకడానికి కోనసీమదాకా పోనక్కరలేదు. మన కోవెలకుంట్ల వైపు ఉయ్యాలవాడ చాలు. 1847లో కుంఫిణీవారు ఉరితీసిన నరసింహారెడ్డిగారి ఊరు అది. ఆ ఊరివారే బుడ్డా వెంగళరెడ్డిగారు. సీతమ్మగారికి ఇరవై అయిదేండ్ల వయసున్నప్పుడు, 1866లో, రేనాటి సీమలో కరువు పడింది. పంచాంగంలో ఆ సంవత్సరానికి రెండు పేర్లున్నాయి. కొందరు క్షయ అంటారు, కొందరు అశుభం పలుకరాదని అక్షయ అంటారు. జనానికి అది క్షయమే అయింది. వెంగళరెడ్డిగారు తన గాదెలు తెరిచారు, గంజి కేంద్రాలు నడిపారు, ఉన్న ఆస్తిని కరగదీశారు. ఊళ్ళకు ఊళ్ళు ఉయ్యాలవాడకు నడిచి వచ్చాయి. విక్టోరియా రాణి ప్రభుత్వం ఆయనకు బంగారు పతకం పంపింది. అంతకన్న మిన్నగా మన పల్లెజనం ఆయనమీద పాటలు కట్టి తరతరాలుగా పాడుకొన్నారు. ఆ పాటలను సేకరించిన తంగిరాల వేంకట సుబ్బారావుగారు నరసింహారెడ్డిగారిని, వెంగళరెడ్డిగారిని రేనాటి సూర్యచంద్రులన్నారు. ఆ తరువాత పదేండ్లకు, 1876లో, ధాత కరువు వచ్చింది. రెండేండ్లకు పైగా సాగిన ఆ క్షామంలో చావులవలన, వలసలవలన కర్నూలు జిల్లా జనాభాలో దాదాపు నాలుగవ వంతు తగ్గిపోయింది. మన సీమలోనుంచి పోయే కర్నూలు–కడప కాలువ అప్పటికి తవ్వి ఉన్నది. అయినా ఆ గండం తప్పలేదు. అన్నదానం నీళ్ళున్నచోట సులభమన్న మాటకు ఉయ్యాలవాడ జవాబు చెప్పింది. కానీ వెంగళరెడ్డిగారిది ఆపదలో లేచి నిలిచిన దాతృత్వం. సీతమ్మగారిది ఆపద లేనినాడు కూడా వెలిగిన పొయ్యి. లోకానికి రెండూ కావాలి. రెండవదానిని గురించి పాట కట్టేవారు తక్కువ.

ఆమె పేరు గోదావరి దాటి పోయింది. 1901లో ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి అయ్యారు. 1903 జనవరి 1న ఢిల్లీలో పట్టాభిషేక దర్బారు జరిగింది. అటువంటి ఉత్సవానికి దేశంలోని పరోపకారులను ఆహ్వానించే సందర్భంలో, మద్రాసు ప్రభుత్వం ద్వారా సీతమ్మగారికీ పిలుపు వచ్చింది. ఆమె వెళ్ళలేదు. తాను చేసినది ఘనకార్యమని ఆమెకు తోచలేదు, పైగా తాను ఢిల్లీ వెళితే వచ్చినవారికి అన్నం ఎవరు పెడతారన్నది ఆమె ప్రశ్న. రాలేకపోతే ఛాయాచిత్రమైనా తీయించి పంపమని అధికారులకు ఆజ్ఞ. దానికీ ఆమె మొదట అంగీకరించలేదట. చిత్రం లేకుండా తిరిగివెళితే తన ఉద్యోగానికే ముప్పు అని వచ్చిన అధికారి బ్రతిమాలితే, తనవల్ల ఒకరి కూడు పోవడమా అని సమ్మతించారని చెబుతారు. చూచారా, ఆమెను ఒప్పించినది రాజాజ్ఞ కాదు, ఒకరి అన్నం పోతుందన్న భయం. ఆ చిత్రాన్ని సభలో ఆసనంపై ఉంచి గౌరవించారని కథ. చక్రవర్తి స్వయంగా ఢిల్లీలో దానికి నమస్కరించారని కొందరు ప్రసంగాలలో చెబుతుంటారు. ఆ దర్బారుకు చక్రవర్తి రాలేదు, ఆయన సోదరుడు వచ్చారు. అయినా ఆమెకు ఏ లోటూ లేదు. ఆ చిత్రం వల్లనే నేడు మనకు ఆ తల్లి ముఖం తెలిసింది.

ఇప్పుడు మన ఊరి సంగతికి వద్దాం. ఉగాదికి శ్రీశైల మల్లన్న దర్శనానికి కన్నడసీమనుండి కాలినడకన వచ్చే భక్తులు మన ప్రాంతం మీదుగా నల్లమలకు సాగుతారు. దారిపొడవునా మనవారు పందిళ్ళు వేసి మజ్జిగ, అన్నం అందిస్తారు. చూచినప్పుడు కళ్ళు చెమర్చే దృశ్యం అది. ఆలయాలలో అన్నదానాలు జరుగుతున్నాయి. తిరుమల కొండపై 1985 నుండి నిత్యాన్నదానం సాగుతున్నది, అక్కడి అన్నప్రసాద భవనానికి మన రాయలసీమ బిడ్డ తరిగొండ వెంగమాంబగారి పేరు. ఇవన్నీ సంతోషించదగినవే. కానీ ఒక మాట అనక తప్పదు. నలభై ఏండ్లకు పైగా అన్నసంతర్పణలు చూస్తున్నాను. పంక్తిలో కూర్చున్నవారిలో ఇంటివద్ద వంట అయి ఉండీ ప్రసాదమని వచ్చినవారే ఎక్కువ. ప్రసాదం స్వీకరించడం తప్పు కాదు. అయితే ఆ రోజు ఆకలిగొన్నవాడు ఆ పంక్తిదాకా రాగలిగాడా అని నిర్వాహకులు ఒక్కసారి చూచుకోవాలి కదా?

ఆకలి ఇప్పుడు రేవు దాటి వచ్చి అరుగుమీద కూర్చోదు. అది తలుపు మూసుకొని లోపల ఉంటుంది. మన జిల్లా పడమటి మండలాలనుండి పంటలు లేనినాళ్ళలో కుటుంబాలు సుగ్గికని వలసపోతాయి, గుంటూరు వైపు మిరపకోతలకు వెళతాయి. ఇంటివద్ద వృద్ధులు మిగిలిపోతారు. చౌకధరల దుకాణం బియ్యం ఇంటిలో ఉంటుంది, వండుకొనే ఓపిక ఉండదు. కళ్ళు కనబడని అవ్వకు పొయ్యి వెలిగించడమే గండం. అటువంటి అవ్వ పండుగనాటి సంతర్పణకు అర మైలు నడిచి రాలేదు. అడగడానికి అభిమానం అడ్డు వస్తుంది. పిల్లలకు బడి ఉన్న రోజులలో మధ్యాహ్నపు అన్నం దొరుకుతుంది. 2003 జనవరి నుండి మన రాష్ట్రంలో వండి వడ్డించే పథకం సాగుతున్నది, ఎందరో తల్లులకు అది పెద్ద ఊరట. కానీ ఆదివారం బడిలో పొయ్యి వెలగదు. మీరు ఈ పుట చదువుతున్న రోజూ ఆదివారమే. కొన్ని ఊళ్ళలో యువకులు, స్త్రీల సంఘాలు ఇంటింటా బియ్యం పోగుచేసి, వండి, మంచాన పడినవారి ఇంటికే అందిస్తున్నారు. దానికి పెద్ద ధనం అక్కరలేదు. ప్రతి ఇల్లాలు అన్నానికి కొలిచేటప్పుడు పిడికెడు బియ్యం వేరే కుండలో వేసి ఉంచడం మన పెద్దలకు కొత్త కాదు. కష్టమంతా బియ్యం దగ్గర లేదు, రేపు కూడా, ఎల్లుండి కూడా, అదే వేళకు ఆ తలుపు తట్టడం దగ్గర ఉన్నది. పదిరోజులు ఉత్సాహంగా అందించి పదకొండవ రోజు మానివేస్తే, ఎదురుచూచిన ముసలి ప్రాణానికి ఆ పస్తు మొదటి పస్తుకన్న ఎక్కువ బాధిస్తుంది.

సీతమ్మగారి జీవితంలో ఆమెను తలచినవారంతా చెప్పుకొనే ఘట్టం ఈ సందర్భంలోనే చెప్పాలి. ఎన్ని వేలమంది యాత్రికులకు పెట్టినా తాను ఏ యాత్రా చేయలేదు. అంతర్వేది స్వామిని సేవించాలని ఆమెకు ఎన్నాళ్ళనుండో కోరిక. అహోబిల నరసింహుని నీడన బ్రతికే మనకు ఆ కోరిక ఎంత బలమైనదో తెలుసు. వసిష్ఠ సముద్రంలో కలిసే చోట వెలసిన స్వామి ఆయన. మాఘమాసంలో శుద్ధ దశమి రాత్రి జరిగే కల్యాణానికి గోదావరి సీమంతా కదులుతుంది. దూరమా, అంటే అదే కోనసీమలోనిది. ఇంటిముందునుండి ఏటేటా యాత్రికులు పోతూనే ఉన్నారు, వారికి అన్నం పెట్టి పంపుతూనే ఉన్నారు. చివరకు ఒకసారి ఎలాగో వీలు చేసుకొని పల్లకిలో బయలుదేరారు. కొంతదూరం సాగిన తరువాత బోయీలు పల్లకి దించి అలసట తీర్చుకొంటున్నారు. అదే చెట్టుక్రింద ఎదురు దారిన వస్తున్న ఒక కుటుంబం ఆగింది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. పెద్దలు వారిని ఊరడిస్తున్నారు. ఇంకెంతో దూరం లేదు, గన్నవరంలో సీతమ్మగారి ఇల్లు వస్తుంది, ఎంత పొద్దుపోయినా ఆ తల్లి కడుపునిండా అన్నం పెడుతుంది అని నమ్మకంగా చెబుతున్నారు. పల్లకి తెర వెనుకనున్నది ఆ తల్లేనని వారికి తెలియదు.

ఆమె ఆ మాటలు విన్నారు. స్వామి దర్శనం ముందున్నది, ఆకలి వెనుకకు పోతున్నది. శాస్త్రం తెలిసిన పండితుడైతే అక్కడ కొంతసేపు తర్కించి ఉండేవాడేమో. ఇంటిలో వంట చేయగలవారు ఇంకెవరైనా ఉండవచ్చునని, ఒక్కరోజుకు ఏమవుతుందని, దైవకార్యం విడిచి వెనుకకు మళ్ళితే దోషమని ఎన్నో చెప్పవచ్చు. ఆమె బోయీలను పల్లకి త్రిప్పమన్నారు. ఆ కుటుంబం గన్నవరం చేరేసరికి ఇంటి పొయ్యి రాజుకొని ఉన్నది, విస్తళ్ళు వేసి ఉన్నాయి. పిల్లల ఏడుపు విని బయలుదేరిన పల్లకి వారికన్న ముందు చేరింది.

అంతర్వేది స్వామి ఆమెను తనవద్దకు రానీయలేదని కొందరు, ఆయనే ఆ పిల్లల రూపాన ఎదురువచ్చాడని కొందరు చెబుతారు. నేను రెండవ మాటవైపు ఉన్నాను. నృసింహుడు స్తంభంలోనుండి వచ్చినది కూడా ఒక పిల్లవాని కోసమే.

సౌమ్య నామ సంవత్సరంలో, 1909 ఏప్రిల్ 28న సీతమ్మగారు కాలధర్మం చెందారు. గన్నవరం దగ్గర వైనతేయమీద పాత అక్విడక్టుకు తోడుగా కట్టిన కొత్త అక్విడక్టును 2000వ సంవత్సరంలో ప్రారంభించినప్పుడు దానికి ఆమె పేరే పెట్టారు. ఆవలి లంకల వరి పొలాలకు పోయే నీరు దాని మీదుగానే దాటుతుంది. రావులపాలెం వైపునుండి రాజోలు మీదుగా అంతర్వేదికి వెళ్ళే యాత్రికులు ఆ ఊరి మీదుగానే, ఆ పేరు చదువుకుంటూనే సాగిపోతారు.